పాత మోడెమ్‌కి కొత్త నెట్: వైఫై బోర్డా, ఏటీఏనా, రాస్ప్‌బెరీ పైనా?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో అటక మీంచి దించిన డాస్ మెషీన్, దానితోపాటే డయలప్ మోడెమ్. బతికించాల్సింది కంప్యూటర్‌నా, మోడెమ్‌నా? ముందు అది తేల్చుకోండి. ఏది మేలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

కంప్యూటర్ చాలనుకుంటే ఈఎస్‌పీ8266 వైఫై బోర్డుకి మించింది లేదు. ఆ బోర్డు, ఒక మ్యాక్స్3232 మాడ్యూల్ (సీరియల్ పోర్టు వోల్టేజీని బోర్డుకి సరిపడేలా మార్చేది), 9 పిన్నుల సీరియల్ కనెక్టర్, 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ ఉంటే సరిపోతుంది. బోర్డుని మోడెమ్‌లా నడిపే ఫర్మ్‌వేర్ ఎక్కించాక, టెర్మినల్ ప్రోగ్రాంలో ఏటీడీటీ (డయల్ చేయమనే కమాండ్) కొట్టి ఫోన్ నంబరుకి బదులు సర్వర్ పేరు, పోర్టు ఇస్తే కలుస్తుంది. మ్యాక్స్232 మాత్రం కొనకండి. అది 5 వోల్టులది, ఈఎస్‌పీ పిన్నులు 3.3 వోల్టులవి. ఏటీ కొట్టినా ఓకే రాకపోతే 2, 3 పిన్నుల వైర్లు మార్చి చూడండి. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటు (రెండు వైపుల సీరియల్ వేగం) కలవలేదన్నమాట. చవక మాడ్యూళ్లలో 2, 3, 5 పిన్నులే బయటికి వస్తాయి. 7, 8 (ఆర్‌టీఎస్, సీటీఎస్: "ఆగు, పంపు" అని చెప్పుకునే వైర్లు) లేకపోతే వేగం పెంచినప్పుడు అక్షరాలు రాలిపోతాయి. పైగా కంప్యూటర్‌లోని సీరియల్ చిప్ పాత 8250, 16450 అయితే వచ్చిన అక్షరాలు దాచుకునే బఫర్ ఉండదు, వాటిని 9600 దాటించకండి. 16550ఏకి 16 బైట్ల బఫర్ ఉంది కాబట్టి అది తట్టుకుంటుంది. రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉండాలి, ఈ బోర్డుకి 5 కనిపించదు.

అసలు మోడెమ్ కూత వినాలనుకుంటే ఏటీఏ (మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్ కాల్స్‌కి కలిపే పెట్టె). ఫైబర్ బాక్సు వెనక ఫోన్ జాక్ ఉంది కదా, అందులో గుచ్చితే పోలేదా అంటారు. అదీ ఏటీఏ లాంటిదే, కాకపోతే సెట్టింగులు మన చేతిలో ఉండవు. రెండు పోర్టుల ఏటీఏ కొని, ఒక పోర్టుకి పాత మోడెమ్, రెండోదానికి ఇంకో మోడెమ్ కట్టి ఇంట్లోనే కలపడం నయం. రెండు పోర్టులకీ గడియారం ఒకటే, ఇంటర్నెట్ జిట్టర్ (డేటా ఒకసారి ముందు, ఒకసారి ఆలస్యంగా రావడం) ఉండదు. కోడెక్ (శబ్దాన్ని డేటాగా మార్చే పద్ధతి) జి.711 మాత్రమే పెట్టండి, ఎకో క్యాన్సిలేషన్, సైలెన్స్ సప్రెషన్ ఆపేయండి, జిట్టర్ బఫర్ ఫిక్స్‌డ్‌లో ఉంచండి. బఫర్ తనంతట తాను సాగి కుంచించుకుంటే మోడెమ్ లయ తప్పి మళ్లీ మళ్లీ రీట్రెయిన్ (అవతలి మోడెమ్‌తో లైను కొత్తగా కుదుర్చుకోవడం) అవుతుంది. "నో డయల్‌టోన్" అంటే ఏటీఎక్స్3 (టోన్ కోసం ఆగకుండా డయల్ చేయమనే కమాండ్) ఇవ్వండి: మన దేశంలో డయల్ టోన్ 400 హెర్ట్జ్, అమెరికా సెట్టింగ్‌లో ఉన్న ఏటీఏ 350, 440 కలిపి ఇస్తుంది. 56కె ఆశ వదులుకోండి. 56కె ఇచ్చే వి.90 పద్ధతికి అవతలి కొస డిజిటల్‌గా ఉండాలి, రెండు మామూలు మోడెమ్‌ల మధ్య 33.6కెకి మించి రాదు. ఇంటి బయటి సర్వర్‌కి డయల్ చేస్తే 14400కి, అదీ నిలవకపోతే 2400కి దించండి. మెల్లగా ఉన్నా లైను నిలబడుతుంది.

విండోస్ 98లో వెబ్ కావాలంటే రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్. యూఎస్‌బీ సీరియల్ వైరు, నల్ మోడెమ్ కేబుల్ కావాలి: 2, 3 అడ్డంగా, 7, 8 అడ్డంగా, ఒక వైపు 4 అవతలి 1, 6కి, 5 నేరుగా. రాస్ప్‌బెరీ పైలో టీసీపీసర్ (మోడెమ్‌లా నటించే ప్రోగ్రాం) నడిపితే విండోస్‌కి అది స్టాండర్డ్ మోడెమ్‌లా కనిపిస్తుంది. దాని వెనక పీపీపీడీ (డయలప్ కనెక్షన్ అందుకునే ప్రోగ్రాం), ఆ కనెక్షన్‌ని ఇంటర్నెట్‌కి దాటించే ఐపీ ఫార్వర్డింగ్, నాట్ ఆన్ చేయాలి. ఇంత చేసినా నేటి సైట్లు చాలావరకు తెరుచుకోవు, పాత బ్రౌజర్‌కి నేటి సైట్ల ఎన్‌క్రిప్షన్ టీఎల్‌ఎస్ 1.2 రాదు. టీఎల్‌ఎస్ విప్పి మామూలు హెచ్‌టీటీపీగా ఇచ్చే ప్రాక్సీ కూడా పైలోనే పెట్టుకోవాలి.