అత్యవసరం, చిన్నది, ముఖ్యం: ఏ పనిని ముందు పట్టుకోవడం మేలు?

పనులు ఒకేసారి వచ్చిపడినప్పుడు మన చేయి ముందుగా గడువు దగ్గరపడిన దాని మీదికే పోతుంది. తొందరపెట్టే పని వేరు, ముఖ్యమైన పని వేరు అని 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ప్రసంగంలో, ఒక కళాశాల మాజీ అధ్యక్షుడి మాటగా గుర్తుచేశారు. ముఖ్యమా కాదా, తొందరా కాదా అని పనులను విడదీస్తూ తర్వాతివారు ఆయన పేరుతో గీసిన నాలుగు గళ్ల పట్టికలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, ముఖ్యమే గాని తొందర లేని పనుల గడి. కంటి పరీక్ష, కొత్త విద్య నేర్చుకోవడం వంటివి అందులో పడతాయి. వాటిని గురించి ఎవరూ నిలదీయరు కనుక అవి నెలల తరబడి అక్కడే ఉండిపోతాయి. అయితే, ఒకే గడిలో ఐదు పనులుంటే వాటిలో ఏది ముందో ఈ పట్టిక చెప్పదు.

ఆ వరుసను ‘చిన్న పని ముందు’ అనే సూత్రం చెబుతుంది. 10, 30, 120 నిమిషాలు పట్టే మూడు పనులున్నాయనుకుందాం. పెద్దదానితో మొదలుపెట్టి దిగివస్తే అవి 120, 150, 160 నిమిషాలకు ముగుస్తాయి. చిన్నదానితో మొదలుపెడితే 10, 40, 160 నిమిషాలకు ముగుస్తాయి. శ్రమ అంతే, కాని ఆ మూడింటి కోసం ఎదురుచూసే సమయం మొత్తం 430 నుంచి 210 నిమిషాలకు తగ్గుతుంది. మన జవాబు కోసం ఇతరులు ఆగి ఉన్నప్పుడు ఇది నిజంగా మేలు. కాని చిన్న పనులు రోజూ కొత్తగా పుట్టుకొస్తుంటే పెద్ద పనికి వంతే రాదు. ఉదయమంతా ఉత్తరాలకు జవాబులు రాస్తూ, రాయవలసిన అసలు నివేదికను నేను వారాల తరబడి ముట్టుకోని కాలం ఒకటుంది.

ఈ లోపాన్ని సరిదిద్దే సూత్రాన్ని 1956లో వేన్ స్మిత్ అనే పరిశోధకుడు నిరూపించారు: ప్రాముఖ్యాన్ని పట్టే సమయంతో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు చేయాలి. 10 నిమిషాల పనికి 1 మార్కు, 120 నిమిషాల పనికి 24 మార్కులు వేస్తే 0.1, 0.2 వస్తాయి కనుక పెద్ద పనే ముందుకు వస్తుంది.

ఫలితంలో 80 శాతం 20 శాతం పనుల నుంచే వస్తుందని, ఇటలీ ఆర్థికవేత్త పారెటో పేరుతో ప్రచారంలో ఉన్న 80-20 సూత్రం జాబితాను కత్తిరించడానికి పనికివస్తుంది గాని, ఫలితమిచ్చే ఆ 20 శాతం ఏదో చాలాసార్లు పని ముగిశాకే తెలుస్తుంది.

అందుకే ఏది చేయాలో పట్టికతోనూ, ఏ వరుసలో చేయాలో స్మిత్ భాగహారంతోనూ తేల్చుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆ లెక్కలో సమయాన్ని మాత్రం ఊహతో వేయకూడదు. మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. అలాంటి పనికే క్రితంసారి నిజంగా ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ అంకెనే వేయాలి.