గోడలకి పరుపులేసిన నాలుగేళ్లకి

ఫ్రేముల కొలతలు రాసిస్తే మా వడ్రంగి మేస్త్రి కాగితం రెండుసార్లు తిరగేసి, "ఆయ్, గోడలకి పరుపులేయిత్తన్నారాండీ? మరి దిండ్లెక్కడ పెడతారండి?" అన్నాడు. అమలాపురంలో ఆ మాత్రం వెటకారం లేకుండా ఏ పనీ మొదలవదు. అది 2021 వేసవి. పాటలు వినే గదిలో ప్రతిధ్వని తగ్గించడానికి గోడలకి కట్టించిన పలకలవి. నాలుగు వానాకాలాలు చూశాక ఆ పరుపుల మంచిచెడ్డలు ఇప్పుడు చెప్పొచ్చనిపిస్తోంది.

గది మేడ మీద. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, స్లాబు ఎత్తూ పదే. కింద టైల్స్, చుట్టూ నున్నగా పుట్టీ పెట్టిన గోడలు. చప్పట్లు కొడితే రేకు డబ్బాలో గులకరాయి ఆడించినట్టు టర్రుమని తిరిగొచ్చేది. స్పీకర్లు మంచివే, పాటలో మాట మాత్రం తేటగా తెలిసేది కాదు. బేస్ గిటార్ ఒక స్వరం మీదికి రాగానే కిటికీ అద్దాలు అదిరేవి, దాని పక్క స్వరం వచ్చిందో లేదో తెలిసేది కాదు. వెడల్పూ ఎత్తూ ఒకటే అవడం వల్ల వచ్చిన తంటా అది. పదడుగుల దూరానికి లెక్కేస్తే దాదాపు 57 హెర్ట్జ్ (సెకనుకి 57 కంపనాలు) దగ్గర శబ్దం గోడల మధ్య నిలబడిపోతుంది. మా గదిలో అడ్డంగానూ నిలువుగానూ అదే లెక్క. కట్టేటప్పుడు వాస్తు చూశాం గానీ ఇది చూడలేదు.

మొదట ఆన్‌లైన్‌లో నల్ల ఫోమ్ చదరాలు తెప్పించి తప్పు చేశాను. అంగుళం మందం. అవి తాళాల మెరుపు మింగేశాయి, బేస్ జోలికి పోలేదు. గాయకుడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుండేది. రోహిణి ఎండలకి జిగురు వదిలి అర్ధరాత్రి ఒక్కొక్కటే టపుక్కున రాలేవి. గోడలకి గుడ్ల అట్టలు కొట్టేవాళ్లకీ దక్కేది ఇంతే.

తర్వాత రాక్‌వూల్‌కి, అంటే రాతి ఉన్నికి, దిగాను. ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత, 2 అంగుళాల మందం, నాలుగడుగులకి రెండడుగుల పలకలు. కోనసీమలో ఉండి కొబ్బరి పీచు మానేసి రాతి ఉన్ని కొన్నానని మా బావగారు ఇప్పటికీ దెప్పుతారు. పీచు పలకలూ ప్రయత్నించాను. పనిచేస్తాయి, కానీ నేల మీద రోజూ పొట్టు. రాక్‌వూల్‌కి చేతి తొడుగులూ మాస్కూ లేకుండా దగ్గరికెళ్లకండి, రెండ్రోజులు ఒళ్లంతా దురదే. ఫ్రేములకి, పెంకుటిల్లు పడగొట్టినప్పుడు అటక మీద దాచిన టేకు చెక్క పనికొచ్చింది. పైన చుట్టడానికి బండారులంక నేత గుడ్డ తెచ్చాం. కొట్లో గుడ్డని నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఊదాను. ఊపిరి అవతలికి ధారాళంగా వెళ్తేనే ఆ గుడ్డ పనికొస్తుంది, లేకపోతే శబ్దం ఉన్ని దాకా పోదు. కొట్టాయన నన్ను చూసిన చూపు మా మేస్త్రి చూపుకి తీసిపోలేదు. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ అనే ఆయన ఒక లెక్చర్ హాల్లో ప్రతిధ్వని సంగతి తేల్చడానికి, రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు మోయించుకున్నాడట. ఆయన్నీ ఎవరో ఒకరు దిండ్లెక్కడని అడిగే ఉంటారు.

పక్క గోడల మీద ఎక్కడ పెట్టాలో అద్దం చెప్పింది. మా ఆవిడ గోడ వెంట అద్దం జరుపుతుంటే, కుర్చీలో కూర్చున్న నాకు స్పీకరు కనబడిన చోటల్లా పెన్సిల్ గీత. శబ్దం గోడకి తగిలి నా చెవికొచ్చేది అక్కడ్నుంచే. ముందు మూలలు రెండింటికీ నేల నుంచి స్లాబు దాకా, రెండు పలకలు జత చేసి 4 అంగుళాల మందంతో మూలకి అడ్డంగా నిలబెట్టాం. మొత్తం ఖర్చులో నేను మళ్లీ ఆలోచించకుండా పెట్టేది ఈ మూలలకే. మా జిల్లా శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ మంద్రస్థాయిలోకి దిగితే, ఇదివరకు గొంతు ఒక ముద్దగా ఊగేది. ఇప్పుడు ఒక్కో మెట్టూ దిగడం తెలుస్తుంది, చివర ఊపిరితో సహా.

ఆ 57 హెర్ట్జ్ మాత్రం ఇంకా ఉంది. ల్యాప్‌టాప్‌లో ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టి కొలిస్తే గ్రాఫులో అక్కడి గుట్ట కాస్త అరిగింది గానీ పోలేదు. అంత కింది శబ్దం ఈ మందానికి లొంగదు. వెనక గోడకి ఆనించిన కుర్చీని నాలుగడుగులు ముందుకి లాగితే అంతకన్నా ఎక్కువ తేడా వచ్చింది. పైసా ఖర్చు లేని ఆ పని నేను అన్నిటికన్నా ఆఖర్న చేశాను!

బయటి చప్పుడు ఆగుతుందనుకుని కొనేవాళ్లు ఆగండి. ముసురు పట్టిన రాత్రి పంటకాలవ కప్పలన్నీ వచ్చి నా ఎదురుగానే కచేరీ పెడతాయి. గదిలో గోల తగ్గాక అవి ఇంకా స్పష్టంగా వినిపిస్తున్నాయి.

ఇక చెమ్మ. మొదటి ఏడాది పక్క గోడల పలకల వెనక 2 అంగుళాల ఖాళీ వదిలాను. శబ్దానికి గోడని ఆనుకుని గాలి కదలదు, కాస్త ఎడంగా కదులుతుంది, ఉన్ని పనిచేసేది ఆ కదిలే గాలి మీదే. అందుకని వదిలిన ఖాళీ అది. వెనక గోడకి, అంటే పడమటి గోడకి, ఓపిక లేక రెండు పలకల్ని నేరుగా బిగించేశాను. శ్రావణం వెళ్లేసరికి గదిలో తడి గోనెసంచి వాసన. విప్పి చూస్తే గుడ్డ వెనక నల్లటి బూజు అరచేతి వెడల్పున పాకేసింది. ఎడం వదిలిన వాటికి మచ్చ కూడా లేదు. అప్పట్నుంచి అన్నిటి వెనకా చెక్క ముక్కలు పెట్టి ఖాళీ ఉంచాం, చలికాలంలో ఒకసారి ఎండలో ఆరేస్తున్నాం. చెదలు మాత్రం ఇంతవరకూ టేకు జోలికి రాలేదు.

ఆ ఖాళీలో ఇప్పుడు బల్లులు కాపరం పెట్టాయి. మంచి తంబూరా నాదం మధ్యలో ఒకటి టిక్‌టిక్‌మంటుంది, అదీ కుడి స్పీకర్ వైపు నుంచే. సంక్రాంతి వెళ్లాక ఖాళీ అంచులకి సన్నని దోమతెర కట్టించాలి. వెనక రెండిటికీ గుడ్డ కూడా మార్చాలి, నలుపు మాత్రం వద్దు, బల్లి రెట్టలు బాగా కనబడుతున్నాయి.