సబ్‌టైటిల్స్‌కి ఏది మేలు: వీఎల్‌సీనా, ఎంపీవీనా?

"కంప్యూటర్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడటానికి ఏ ప్లేయర్ మంచిది?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతూనే ఉంటారు. కాస్త కదిపితే వాళ్ల బాధ ఫైలు తెరుచుకోకపోవడం కాదని తెలుస్తుంది. తెరుచుకుంటుంది. కాకపోతే పాత్ర మాట్లాడేశాక తీరిగ్గా అక్షరాలు వస్తాయి, లేదంటే ముందే వచ్చేసి జోకు కాస్తా చెడగొడతాయి. అందుకే నేను చూసేది ముఖ్యంగా ఒక్కటే: టైమింగ్ తప్పినప్పుడు ఎంత తొందరగా సర్దుకోగలం?

ఫైలు కలపడంలో వీఎల్‌సీ, ఎంపీవీ ప్లేయర్లు రెండింటికీ పెద్ద తేడా లేదు. వీడియో ఉన్న ఫోల్డర్లోనే అదే పేరుతో ఎస్‌ఆర్‌టీ ఫైలు, అంటే సబ్‌టైటిల్స్ ఉండే ఫైలు ఉంటే రెండూ తీసుకుంటాయి. పేరు కొంచెం అటూ ఇటూ అయినా వీఎల్‌సీ సర్దుకుపోతుంది. ఎంపీవీకి మాత్రం పేరు సరిగ్గా కలవాలి, చివర్లో భాష కోడ్ ఉంటే ఫర్వాలేదు. అదీ కుదరకపోతే వీడియో ఆడుతుండగానే ఫైలును మౌస్‌తో లాగి కిటికీ మీద వదలండి, రెండింటిలోనూ పనిచేస్తుంది. సబ్‌టైటిల్ ఫైలే చేతిలో లేదంటే వీఎల్‌సీది పైచేయి. వీఎల్‌సబ్ అనే ఎక్స్‌టెన్షన్ దాంతోపాటే వస్తుంది, నెట్‌లో వెతికి తెచ్చిపెడుతుంది.

ఇక అసలు సంగతి. వీఎల్‌సీలో జీ నొక్కితే సబ్‌టైటిల్ కాస్త ముందుగా, హెచ్ నొక్కితే కాస్త ఆలస్యంగా వస్తుంది, ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు. మూడు సెకన్ల తేడా ఉంటే 60 సార్లు నొక్కాలన్నమాట. టూల్స్ మెనూలో ట్రాక్ సింక్రనైజేషన్ తెరిచి అంకె కొట్టొచ్చు గానీ, తేడా ఎన్ని సెకన్లో మనకెలా తెలుస్తుంది? అంచనా వేయడం, చూడటం, మళ్లీ మార్చడం. చాలామందికి తెలియని దారి ఇంకొకటుంది. మాట వినబడ్డ క్షణంలో షిఫ్ట్ హెచ్, అదే మాట తెరమీద కనబడ్డప్పుడు షిఫ్ట్ జే, ఆ తర్వాత షిఫ్ట్ కే. తేడా వీఎల్‌సీయే లెక్కేసి సరిచేస్తుంది. బాగానే ఉంటుంది, కాకపోతే మూడు మీటలూ వరసగా గుర్తుండాలి.

ఎంపీవీలో జెడ్ నొక్కితే సబ్‌టైటిల్ 0.1 సెకను ముందుకొస్తుంది, షిఫ్ట్ జెడ్ నొక్కితే అంతే వెనక్కు పోతుంది. నన్ను అటు లాగింది ఇది కాదు. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని కుడి బాణం నొక్కితే, తర్వాత రావాల్సిన లైను ఇప్పుడే తెరమీదికొచ్చేలా ఆలస్యం దానంతటదే మారిపోతుంది. ఎడమ బాణమైతే అంతకుముందు వచ్చిన లైను. అంటే ఎన్ని సెకన్ల తేడా అన్న లెక్కే అక్కర్లేదు. పాత్ర నోరు తెరిచి మాట మొదలుపెట్టగానే, ఆ మాటకు సరిపోయే లైను వచ్చేదాకా బాణం నొక్కితే చాలు, మొత్తం సినిమాకి సరిపోతుంది. ఒక్క షరతు. సబ్‌టైటిల్ ఎంకేవీ రకం వీడియో ఫైలు లోపలే ఉంటే, అప్పటికే కనబడిన లైన్లకీ కాసేపట్లో రాబోయే లైన్లకీ మాత్రమే ఇది పనిచేస్తుంది. విడి ఫైలుతో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపేసేటప్పుడు షిఫ్ట్ క్యూ నొక్కితే చూస్తున్న చోటుతోపాటు ఈ సర్దుబాటూ గుర్తుంటుంది.

ఎంపీవీతో చిరాకు కూడా ఉంది. మెనూలు దాదాపు లేనట్టే. అక్షరాల రంగు మార్చాలంటే సెట్టింగ్స్ ఫైల్లో రాసుకోవాలి. ఆ పనంటేనే టెన్షన్ అనుకునేవాళ్లు వీఎల్‌సీలోనే ఉండి, ఆ మూడు మీటలు నేర్చుకోవడం మంచిది.

మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను ఎడం పెరుగుతుంటే మాత్రం మీటలు నొక్కి లాభం లేదు, ఏ ప్లేయర్ అయినా సరే. సెకనుకు 25 ఫ్రేముల వీడియో కోసం చేసిన సబ్‌టైటిల్‌ని 23.976 ఫ్రేముల వీడియోకి పెడితే, గంట గడిచేసరికి దాదాపు రెండున్నర నిమిషాలు ముందే వచ్చేస్తుంది. ఇలాంటప్పుడు సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫ్రేమ్ రేట్ మార్చి సేవ్ చేసుకోవాలి.

అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపిస్తే అది ఎన్‌కోడింగ్ గొడవ, అంటే అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి కలవకపోవడం. ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయండి. నోట్‌ప్యాడ్‌లో పొరపాటున ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఆ ఫైల్లోంచి మళ్లీ రాబట్టలేం.

ఎంపీసీ-హెచ్‌సీ అనే ఇంకో ప్లేయర్ విండోస్‌లో తేలిగ్గా నడుస్తుంది, ఎఫ్1, ఎఫ్2 మీటలతో టైమింగ్ జరుగుతుంది. అలవాటున్నవాళ్లు మారక్కర్లేదు. పాట్‌ప్లేయర్‌లో సెట్టింగ్స్ బోలెడు, అవన్నీ వెతుక్కునే ఓపిక నాకు లేదు. ఇక సబ్‌టైటిల్‌ని వీడియోలోనే ముద్రించేయడం టీవీ లాంటివి విడి ఫైలు చదవనప్పుడే. వీడియో అంతా మళ్లీ ఎన్‌కోడ్ కావాలి, తప్పు దొర్లితే తీసేయడానికీ ఉండదు. వీడియో, సబ్‌టైటిల్ ఒకే ఫైలుగా ఉంటే చాలనుకుంటే, ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌తో జతచేయండి. క్వాలిటీ తగ్గదు, ఎన్‌కోడింగ్ ఉండదు కాబట్టి పని కూడా తొందరగా అయిపోతుంది. జతచేసే ముందు టైమింగ్ మాత్రం సరిచూసుకోండి.