భీమిలి రోడ్డు రిట్రీట్ సెంటర్‌లో ఒక శనివారం

మాది బాప్టిస్టు సంఘం. ప్రార్థన అంటే నోరు తెరిచి చేసేదే అని చిన్నప్పటి నుంచీ అలవాటు. రాత్రి తొమ్మిదికి కుటుంబ ప్రార్థనలో నోటుబుక్కు తెరిచి మనవులన్నీ వరసగా చదువుతాను. పోయిన నెలకి అవి 27 అయ్యాయి. భీమిలి రోడ్డులో కేథలిక్ సిస్టర్లు నడిపే సెంటర్‌లో నెలకోసారి 'వినే ప్రార్థన' పెడుతున్నారని ఆఫీసులో ఒకాయన చెబితే వెళ్లాను. "ఆర్సీఎం (రోమన్ కేథలిక్) వాళ్ల దగ్గరకా?" అంది మా ఆవిడ.

భోజనంతో కలిపి 300 రూపాయలు. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా. గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని గుడ్డసంచిలో వేసి టోకెన్ ఇస్తారు. మొదటి గంటలో నా చెయ్యి నాలుగుసార్లు ఖాళీ జేబులోకి పోయింది. నోటుబుక్కు తెరవబోతే సిస్టర్ వచ్చి, "ఈ పూటకి మూసి పెట్టండి బ్రదర్, ఆయనకి తెలుసు" అన్నారు.

తర్వాత మార్కు సువార్త 10వ అధ్యాయంలో బర్తిమయి అనే గుడ్డి బిచ్చగాడి కథ మూడుసార్లు నెమ్మదిగా చదివారు. ఒక్కోసారికీ మధ్య పది నిమిషాల మౌనం. ఇది పాత పద్ధతే, లెక్షియో దివీనా అంటారు. 12వ శతాబ్దంలో గైగో అనే మఠవాసి దీన్ని నాలుగు మెట్లుగా రాశాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, చివరికి దేవుని ముందు ఊరకే ఉండడం. ఆ నాలుగో మెట్టు గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

బర్తిమయి తనని కరుణించమని యేసుని కేకలేశాడు. జనం ఊరుకోమంటే ఇంకా గట్టిగా అరిచాడు. యేసు అతన్ని తప్పుపట్టలేదు, ఆగి పిలిపించాడు. "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు. ఈ కథ మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. కానీ ఆ ప్రశ్న వినపడాలంటే బర్తిమయి ఒక్క క్షణం అరవడం ఆపి ఉండాలి కదా! ఆ సంగతి మూడోసారి చదివినప్పుడు తట్టింది.

భోజనం కూడా మౌనంగానే. ముద్దపప్పు, బెండకాయ వేపుడు, పులుసు. స్టీలు కంచాల చప్పుడు, బయట సరుగుడు చెట్ల హోరు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నేను అడక్కుండానే ఉప్పు గిన్నె నా వైపు జరిపింది. పప్పులో ఉప్పు తక్కువైందని నా మొహం చూసి కనిపెట్టింది.

చెట్ల కింద కూర్చున్నప్పుడు 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి మన విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ గుర్తొచ్చారు. సువార్తని తెలుగులోకి తేవాలంటే ముందు వాళ్లు ఈ ఊరి జనం మాటలు ఎన్ని రోజులు కూర్చుని విని ఉంటారో!

ఒక్కటి మాత్రం నచ్చలేదు. మూడింటికి ఎవరో అతిథిని పిలిచి మైకు ఇచ్చారు. నలభై నిమిషాల ప్రసంగంతో పొద్దుటి నుంచీ కుదుటపడిన మనసు చెదిరిపోయింది. అది తీసేయమని అక్కడి అభిప్రాయాల పుస్తకంలో రాసి వచ్చాను.

దేవుడు నా చెవిలో మాట్లాడాడని చెప్పను. నా నోటుబుక్కులో నాలుగో మనవి, అమ్మాయికి ఆ అనకాపల్లి సంబంధం కుదరాలని. ఆ మౌనంలో మా అమ్మాయి మాట గుర్తొచ్చింది. "నాన్నా, నాకు కొంచెం టైం కావాలి" అని వంటింట్లో రెండుసార్లు అంది. రెండుసార్లూ "ప్రార్థన చేస్తున్నాం కదమ్మా" అనేసి వచ్చేశాను. బైబిల్లో బాలుడైన సమూయేలు దేవుని పిలుపుని మూడుసార్లు యాజకుడు ఏలీ గొంతే అనుకున్నాడు. నేనూ అలాగే కూతురి గొంతే కదా అనుకుని వదిలేశానేమో. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చి అమ్మాయిని అడిగాను. గంటన్నర మాట్లాడింది. నాలుగో మనవి కొట్టేసి, దాని చేతే కొత్తగా రాయించాను. వచ్చే నెల తనూ వస్తానంది, ఇద్దరి పేర్లూ ఇచ్చాను. వెళ్లేవాళ్లు కింద పరుచుకోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్లండి, ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో ఎక్కువసేపు కూర్చోలేం.