జిమ్‌లో హెల్త్ ఫారం ఖాళీగా వదిలి సంతకం పెట్టకండి

నిన్న మధ్యాహ్నం హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ అయ్యాను. సెలైన్ పెట్టిన చేయి ఇంకా వాచే ఉంది. విజయవాడలో జిమ్‌లో చేరాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా నాలాగా నలభై దాటాక మొదటిసారి చేరేవాళ్ళు, దయచేసి ఇది చదవండి.

పండగ ఆఫర్ చూసి చేరాను. ఆరు నెలల మెంబర్‌షిప్, 24 పర్సనల్ ట్రైనింగ్ క్లాసులు కలిపి 38,000. మొత్తం ఒకేసారి ఫోన్‌పేలో కట్టేశాను. జిమ్ పేరు రాయడం లేదు, ఆ ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు.

మొదటి రోజే స్క్వాట్లు వంద దాటించాడు ట్రైనర్. "ఇక నా వల్ల కాదు బాబూ, కాళ్ళు వణుకుతున్నాయి" అంటే, "ఇంకొక్క సెట్ మేడమ్, నొప్పి వస్తేనే కొవ్వు కరుగుతుంది" అన్నాడు. మూడో రోజు పొద్దున తొడలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీపీకే అనే రక్త పరీక్ష చేస్తే 41,000. మామూలుగా 200కి అటూఇటూ ఉండాలట. డాక్టర్ గారు రాబ్డోమయోలిసిస్ అన్నారు. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా మితిమీరి చేయిస్తే కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను పాడుచేస్తుంది. నేను వేసుకునే కొలెస్ట్రాల్ టాబ్లెట్ కూడా ఆ ముప్పును పెంచేదేనట. డయాలసిస్ దాకా వెళ్ళలేదు, అదే పదివేలు.

అప్పటికీ ఆ అబ్బాయి తెలియక చేశాడేమో అనుకున్నాను. నిన్న ఇంటికి వస్తూ, మా ఆయన వద్దంటున్నా, జిమ్ దగ్గర ఆటో ఆపించాను. మిగిలిన క్లాసుల డబ్బు అడుగుదామని, ఇంకెవరిచేతా ఇలా చేయించొద్దని చెబుదామని.

మేనేజర్ కూర్చోమని కూడా అనలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను. సొరుగులోంచి నా ఫారం తీసి బల్ల మీద పడేశాడు. "ఏ మందులూ వాడట్లేదని మీరే రాశారు కదా మేడమ్. మీరు దాచిపెడితే అది మా తప్పా?"

గుండె జబ్బు, బీపీ, షుగర్, వాడే మందులు... అన్ని ప్రశ్నలకూ "లేదు" దగ్గర టిక్కులున్నాయి. ఒక్కటి కూడా నేను పెట్టింది కాదు. చేరిన రోజు ఇదే మనిషి, "కింద సంతకం చేసేయండి మేడమ్, మిగతాది మేం నింపుకుంటాం" అన్నాడు. నా సంతకం నీలం ఇంకుతో ఉంది, టిక్కులు నల్ల ఇంకుతో ఉన్నాయి. అది చూపిస్తే "పెన్ను మార్చి ఉంటారు" అన్నాడు. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తగానే కాగితం లాక్కుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ట్రైనర్ పక్కనే ఉన్నాడు, తల ఎత్తలేదు. అతనికి అన్నీ తెలుసు. చేరే ముందు రాత్రి "కొలెస్ట్రాల్ టాబ్లెట్ వేసుకుంటాను, పర్లేదా" అని వాట్సాప్‌లో అడిగితే బొటనవేలు బొమ్మ పెట్టింది అతనే. ఇప్పుడు నా చేతిలో ఉన్న సాక్ష్యం ఆ ఒక్క మెసేజే.

నేను బ్యాంకులో పనిచేస్తాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని ఎంతమందికి చెప్పానో. అలాంటి నేనే పెట్టాను. రాత్రంతా నిద్ర లేదు.

మా తమ్ముడు లాయరు. ఒంట్లో ఏముందో అడిగి, తెలుసుకుని, దానికి తగ్గట్టు చేయించడం ట్రైనర్ బాధ్యత అంటున్నాడు. "ఏం జరిగినా జిమ్‌కి సంబంధం లేదు" అని ఫారం మీద రాసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరట. నిర్లక్ష్యం వల్ల మనిషికి హాని జరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది సేవాలోపమే. రెండేళ్ళలోపు మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, మనం కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. ఈ పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. నోటీసు తమ్ముడు తయారుచేస్తున్నాడు.

మీరు చేరేటప్పుడు ఫారం మీ చేత్తోనే నింపి, అక్కడే ఫోటో తీసుకోండి. జబ్బులు, మందుల సంగతి వాట్సాప్‌లో కూడా రాసి పెట్టండి. ట్రైనర్‌కి మన దగ్గర ప్రభుత్వ లైసెన్స్ తప్పనిసరి కాదు, కాబట్టి సర్టిఫికెట్ ఎవరిచ్చారో, దాని గడువు ఉందో లేదో, సీపీఆర్ వచ్చో రాదో అడగండి.

ఈ పండగ ఆఫర్‌లో అక్కడ చేరినవాళ్ళు వెంటనే వెళ్ళి మీ ఫారం చూపించమనండి. మీరు పెట్టని టిక్కులుంటే నాకు చెప్పండి, కలిసి ఫిర్యాదు చేద్దాం.