చార్జర్ పీకని ల్యాప్‌టాప్‌తో నాలుగేళ్లు

కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దున తొమ్మిదికి ల్యాప్‌టాప్ తెరిస్తే రాత్రి ఎనిమిది దాకా టేబుల్ మీదే ఉంటుంది, వైరు గోడకే ఉంటుంది. ఒళ్లో పెట్టుకున్నది లేదు, రైల్లో తెరిచింది లేదు. ఇట్లా వాడే ఇప్పటికి రెండు ల్యాప్‌టాప్‌లు చూశాను. మొదటిదాని బ్యాటరీ రెండున్నరేళ్లకే పోయింది. రెండోదానికి నాలుగేళ్లు దాటాయి, ఇంకా బాగానే ఉంది.

మొదటిది కొన్ననాటి నుంచి చార్జి 100 శాతం దగ్గరే నిలబడి ఉండేది. ఆఫీసు గదికి పైన రేకులు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటప్పుడు కీబోర్డు మీద చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా ముట్టుకున్నట్టు ఉండేది. దానికి తోడు అడుగున గాలి పోయే సందుల్లో తవుడు దుమ్ము. ఒకరోజు టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ పడలేదు. దుమ్ము చేరిందిలే అనుకున్నా. వారం తర్వాత మూత వేస్తే ముందు అంచు కలవలేదు, బియ్యపు గింజ దూరేంత సందు. నెల్లూరులో రిపేరు చేసే అతను అడుగు స్క్రూలు విప్పి చూపించాడు. లోపల పలకల్లా ఉండాల్సిన సెల్లులు పూరీల్లా పొంగి ఉన్నాయి.

"ఎప్పుడూ చార్జింగ్‌లోనే పెట్టారా సార్? ఓవర్ చార్జి అయింది," అన్నాడు.

చేతిపని మంచిదే గానీ, ఆయన మాట సగమే నిజం. నిండాక కూడా కరెంటు ఎక్కుతూనే ఉండదు. 100 అయిందంటే లోపలి సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది, ఆ తర్వాత ల్యాప్‌టాప్ నడిచేది అడాప్టర్ కరెంటు మీదే. బ్యాటరీ ఊరికే కూర్చుని ఉంటుంది. చిక్కంతా ఆ కూర్చోవడంలోనే ఉంది. లిథియం సెల్లు నిండినప్పుడు దాదాపు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. అంత బిగువు మీద రోజులూ నెలలూ ఉంచితే లోపలి ద్రావణం కొంచెం కొంచెంగా చెడుతుంది, గ్యాసు పుడుతుంది. వేడి తోడైతే ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది. నా దానికి రెండూ కుదిరాయి: పూర్తి చార్జి, పైన రేకుల వేడి.

రెండోది కొన్నప్పుడు చార్జి 60 దగ్గర ఆగేట్టు పెట్టాను. నాలుగో రోజున మా ఓనరు చూసి, "ఏందబ్బయ్యా, కొత్తదానికే 60 కాడ ఆగిపోయిందే, మోసపోయామా?" అన్నాడు. కింద మూలన 'ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్' అని కనిపిస్తుంటే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. మొదటి ల్యాప్‌టాప్‌కి 97 దగ్గర ఇదే మాట కనిపిస్తే, నేను అడాప్టర్ పోయిందని కొత్తది కొన్నాను కూడా. ఆ డబ్బులు దండగ. కొద్దిగా తగ్గిన చార్జిని మళ్లీ మళ్లీ నింపకుండా ఆగడం దాని పద్ధతి, జబ్బు కాదు.

ఈ సెట్టింగు పేరు కంపెనీకొకటి. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్. ఆసుస్‌లో కొన్ని మోడళ్లకి 60, 80, 100 అని మూడు రకాలు. డెల్, హెచ్‌పీల్లో చాలా మోడళ్లకి బయాస్‌లో, అంటే విండోస్ మొదలయ్యే ముందే తెరుచుకునే సెట్టింగుల పేజీలో కూడా దొరుకుతుంది. మీ దాంట్లో ఏది ఉంటే అది. 80 పెట్టినా చాలు, నాలా 60 దాకా దించాల్సిన పని అందరికీ ఉండదు.

ఫలితం ఎంతో కాటా మీదే చూడాలి కదా. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే (powercfg /batteryreport) ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో పట్టాల్సిన చార్జి, కాగితం మీద రాసిన పుట్టి లాంటిది; ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్న చార్జి, నిజంగా తూగిన పుట్టి. పాతదానికి ఉబ్బే ముందు 41,000కి 24,600 తూగింది. ఇప్పటిదానికి నాలుగేళ్ల తర్వాత 45,000కి 39,100 తూగుతోంది.

ఒంగోలులో మా బావమరిది పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. 100 కాగానే పీకేస్తాడు, పదికి దిగాక పెడతాడు, రోజూ అంతే. "బ్యాటరీకి వ్యాయామం ఉండాలి బావా" అంటాడు. బ్యాటరీ ఇన్నిసార్లే నిండి ఖాళీ అవగలదని ఒక లెక్క ఉంటుంది, వాటినే సైకిళ్లు అంటారు; ఆ వ్యాయామంలో అవి కరిగిపోతాయి. టేబుల్ మీద గోడ పక్కనే కూర్చుని ఆ తిప్పలు ఎందుకో నాకు అర్థం కాదు.

అట్లాగని 60లో లోపం లేకపోలేదు. ఒక నెల 20వ తేదీ, జీఎస్టీ రిటర్ను ఆఖరి రోజు. కరెంటు పోయింది. బ్యాటరీ 34 చూపిస్తోంది గదా అని ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని రిటర్ను నింపుతున్నా. ఒక్కసారిగా తెర నల్లబడింది. నెలల తరబడి నిండింది లేదు, ఖాళీ అయింది లేదు. చార్జి ఎంతుందో చెప్పే లోపలి లెక్కగాడు ఎక్కిన కరెంటూ దిగిన కరెంటూ కూడుకుంటూ తీసివేసుకుంటూ పోతాడు, ఆ రెండు కొసలూ తగలకపోతే లెక్క తప్పుతాడు. అప్పటినుంచి రెండు మూడు నెలలకోసారి 100 దాకా నింపి, పది దాకా దించి, మళ్లీ 60కి తెస్తున్నా. ఆ పొరపాటు మళ్లీ రాలేదు.

ఇంకొకటి, కరెంటు పోతే 60 చార్జి మీద నాకు రెండు గంటలే వస్తుంది. మామూలు రోజుల్లో చాలు. తుపాను కబురు వినగానే మాత్రం పరిమితి తీసేస్తాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు ముందు రోజే 100కి నింపుకున్నా, మూడున్నర గంటలు నడిచింది. నాలుగు రోజులు నిండుగా ఉన్నంత మాత్రాన బ్యాటరీ ఉబ్బదు. నాకున్న ఇబ్బందల్లా, వాన వెలిశాక తిరిగి 60కి దించడం మర్చిపోవడమే. తర్వాత వచ్చిన సంక్రాంతి దాకా 100 దగ్గరే ఉండిపోయింది.