పాసీఘాట్ హంప్ మ్యూజియం తప్పక చూడండి, ‘క్రాష్ సైట్’ ప్యాకేజీ మాత్రం కొనకండి

అస్సాంలోని డిబ్రూగఢ్‌లో ఎవరైనా “యుద్ధకాలంలో విమానం కూలిన చోటు చూపిస్తాం, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి వచ్చేయొచ్చు” అంటే నమ్మకండి. ముగ్గురికి కలిపి 26,500 రూపాయలు తీసుకుని ఒక ఏజెంటు మాకు చేసిన మోసం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అరుణాచల్ ప్రదేశ్‌లోని పాసీఘాట్‌కి ఈ ప్రయాణం మా నాన్న కోసం. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, అంటే విమానం బాడీ బాగుచేసే పని. జోర్హాట్‌లో డకోటా రవాణా విమానాల మీద చాలా ఏళ్లు పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ డకోటాలే అస్సాం నుంచి హిమాలయాల అంచుల మీదుగా చైనాకి సరుకు మోసేవని, వాటిలో చాలా తిరిగి రాలేదని అక్కడే విన్నారట. 1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించడంతో చైనాకి రోడ్డు దారి తెగిపోయింది. అప్పుడు అమెరికన్లు అస్సాంలోని చాబువా, దిన్జాన్, మోహన్‌బారి లాంటి చోట్ల నుంచి చైనాలోని కున్‌మింగ్‌కి పెట్రోలు, మందుగుండు విమానాల్లో పంపడం మొదలుపెట్టారు. ఆ కొండల దారికి పైలట్లు పెట్టుకున్న పేరు ‘హంప్’. ఆ ఏడాదే ఏప్రిల్ 6న మా వైజాగ్ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మా నానమ్మ వాళ్లు మూటాముల్లె సర్దుకుని పల్లెకి వెళ్లిపోయారు. అందుకే నాన్నకి ఇది ఎక్కడో జరిగిన యుద్ధంలా అనిపించదు.

డిబ్రూగఢ్‌కి విమానంలో వెళ్లాం. ఆ ఎయిర్‌పోర్టు ఉన్నది మోహన్‌బారిలోనే. దిగగానే నాన్న రన్‌వే వైపు తిరిగి చాలాసేపు నిలబడిపోయారు. అక్కడి నుంచి బోగీబీల్ వంతెన దాటి, రుక్సిన్ గేటు దగ్గర ఐఎల్‌పీ (అరుణాచల్‌లోకి వెళ్లడానికి తీసుకోవాల్సిన అనుమతి పత్రం) చూపించి పాసీఘాట్ చేరాం. రోడ్డు బాగుంది, చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు.

ఇబ్బంది లాడ్జిలో మొదలైంది. ఏజెంటు బుక్ చేసిన గదికి రోజుకి 2,800. గోడలకి చెమ్మ, దుప్పట్లు ముక్కిపోయిన వాసన, గీజర్ పనిచేయదు. వేణ్ణీళ్లు అడిగితే బకెట్‌కి 50 అన్నారు. అదీ గంట తర్వాత వచ్చింది. నాన్న ఏమీ అనలేదు గానీ, మా వారు రాత్రంతా విసుక్కుంటూనే ఉన్నారు.

మర్నాడు ఏజెంటు పంపిన గైడు రెండు గంటలు జీపులో తిప్పి, ఒక వాగు పక్కన ఆపాడు. పొదల్లో వంకర తిరిగిన రేకులు చూపించి “అమెరికన్ ప్లేన్” అన్నాడు. ఫొటో తీసుకోవాలంటే మనిషికి 500 ఇవ్వాలన్నాడు. నాన్న వంగి ఆ రేకుని వేలితో గీకారు. ఎర్రటి తుప్పు రాలింది. “అమ్మా, విమానం ఒళ్లంతా అల్యూమినియం. దానికి ఇలా ఎర్రగా తుప్పు పట్టదు. ఇది తారు డ్రమ్ము, రోడ్డు వేసినవాళ్లు వదిలేసి పోయుంటారు” అన్నారు. గైడు నవ్వి ఊరుకున్నాడు. నాన్నకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. “చచ్చిపోయినవాళ్ల పేరు చెప్పి డబ్బులు చేసుకుంటారా!” అని అరిచి జీపెక్కేశారు. దారిలో ఒక్క మాట లేదు, అన్నం కూడా వద్దన్నారు.

నిజమైన శకలాలు ఉన్నది రోజుల తరబడి నడిస్తే గానీ చేరలేని అడవుల్లో, నిట్టనిలువు కొండల్లో. పైగా అవి సమాధుల్లాంటి చోట్లు. 1944 జనవరి 25న కున్‌మింగ్ నుంచి చాబువాకి వస్తున్న ‘హాట్ యాజ్ హెల్’ అనే బీ-24 బాంబర్ ఎనిమిది మందితో మాయమైంది. 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ అన్వేషకుడు అరుణాచల్‌లోని దమ్రో ఊరి దగ్గరి కొండల్లో దాని శకలాలు కనిపెట్టాడు. అందులో ఉన్న లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ అవశేషాలను గుర్తించి, 2017లో జార్జియా రాష్ట్రంలోని సొంత ఊరు కాంకర్డ్‌లో ఖననం చేశారు. అంటే ఆ ఇంటివాళ్లు 73 ఏళ్లు ఎదురుచూశారు. ఇంకా ఎదురుచూస్తున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి విషయాన్ని తారు డ్రమ్ముతో అమ్ముకోవడం నేను క్షమించలేను.

నాన్న మనసు కుదుటపడింది మ్యూజియంలోనే. ఈ హంప్ మ్యూజియాన్ని 2023 నవంబర్‌లో ప్రారంభించారు. పెద్దదేమీ కాదు, కానీ అడవుల్లోంచి మోసుకొచ్చిన అసలు వస్తువులు ఉన్నాయి: ఆక్సిజన్ సిలిండర్లు, మెషిన్ గన్లు, విమానం ఒంటి ముక్కలు. నాన్న ఒక ముక్క ముందు ఆగి, గాల్లోనే వేలితో రివెట్ల వరుస చూపిస్తూ మాకు పాఠం చెప్పారు. రెక్కల మీద మంచు పేరుకుంటే విమానం ఎలా బరువెక్కి కిందికి జారుతుందో, కొత్తగా వచ్చిన సీ-46 రవాణా విమానాల్లో కార్బురేటర్‌లోనే (ఇంజన్‌కి గాలి, పెట్రోలు కలిపే భాగం) మంచు కట్టి ఇంజన్ ఎలా ఆగిపోయేదో, సరైన మ్యాపులు కూడా లేకుండా మబ్బుల్లో ఆ శిఖరాల మధ్య ఎలా తోలేవాళ్లో చెప్పారు. 1945 నవంబర్ దాకా అలా దాదాపు ఆరున్నర లక్షల టన్నులు చేరవేశారు. సుమారు 600 విమానాలు పోయాయి. వాటిలో వెళ్లినవాళ్లలో చాలామంది పాతికేళ్లు నిండని కుర్రాళ్లు. వింటూ వింటూ మా వారు కూడా ఫోన్ జేబులో పెట్టేశారు. అరగంట చాలనుకుని వెళ్లినవాళ్లం మధ్యాహ్నం దాటాక బయటికొచ్చాం.

లాడ్జి ఖాళీ చేసి అక్కడి ఆదీ తెగ కుటుంబం ఒకటి నడిపే హోమ్‌స్టేకి మారాం. మనిషికి 1,500, రెండు పూటలా భోజనంతో. ఆకులో పొట్లం కట్టిన వేడి అన్నం, వెదురు చిగుళ్లతో ఉడికించిన చేప, నిప్పుల మీద కాల్చిన మిరపకాయల పచ్చడి. నూనె చుక్క లేదు, అయినా ఎంత రుచో! ఇంటి నుంచి గోంగూర పచ్చడి సీసా మోసుకొచ్చిన మా వారు దాని మూత తియ్యలేదు. పచ్చడి మూడోసారి అడిగి వేయించుకున్నారు. ఆ ఇంటి పెద్దాయన హిందీలో నాన్నతో రాత్రి పదింటి దాకా మాట్లాడారు. ఆయన చిన్నప్పుడు ఊళ్లో విమానం రేకుతో చేసిన గిన్నెలు వాడేవాళ్లట. ఆ లోహం ఎంత తేలికో చెబుతుంటే నాన్న కళ్లు మెరిశాయి.

తిరుగు దారిలో దిగ్బోయ్ వార్ సిమెట్రీ చూశాం. 200 సమాధులు, చాలా శుభ్రంగా పెట్టారు, టికెట్ లేదు. తప్పక ఆగండి.

ఏజెంటుతో ఫోన్లో నాలుగు రోజులు గొడవపడితే 6,000 వెనక్కిచ్చాడు. మీరు వెళితే ప్యాకేజీ జోలికి పోకుండా డిబ్రూగఢ్ నుంచి నేరుగా కారు మాట్లాడుకోండి. మా తిరుగు ప్రయాణానికి 5,500 అయింది. నవంబర్ నుంచి మార్చి లోపు వెళ్లండి, వానాకాలంలో రోడ్లు తెగిపోతాయి. ఐఎల్‌పీ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని ప్రింటు దగ్గర పెట్టుకోండి. సాయంత్రం ఐదుకల్లా చీకటి పడుతుంది కాబట్టి మ్యూజియానికి పొద్దున్నే వెళ్లండి. ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లని వెంట తీసుకెళ్లండి. అక్కడి ముక్కలకి వాళ్లు చెప్పే వివరం ఏ బోర్డు మీదా దొరకదు.